చీలమండ వెనుక విరిగిన ఎముక: కట్టు చాలునా?

కాలు మడతపడి చీలమండ వాచిందంటే మన ఇండ్లలో మొదట గుర్తుకు వచ్చేది పసుపు, సున్నం కలిపిన పట్టు. అప్పటికీ తగ్గకపోతే కట్టు వైద్యం. రాయలసీమలో పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు లేదు. యాడికిలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేనూ ఆ దారినే నడిచాను. ఆ దారిలో నేను చేసిన ఒక పొరపాటును పాఠకులకు చెప్పడం నా ధర్మమని భావిస్తున్నాను.

మా ఊరి నేతగాడొకరు మగ్గం గుంటలోకి దిగుతూ జారిపడ్డారు. చీలమండ వాచింది గాని వంకర కనిపించలేదు. వెదురు బద్దలు వేసి కట్టు కట్టాను. ఆరు వారాలకు ఆయన నడిచారు. ఏడాది తిరిగేసరికి మగ్గం తొక్కలేని స్థితి వచ్చింది. అప్పుడు తీయించిన ఎక్స్-రేలో చీలమండ వెనుక అంచు విరిగి, పైకి జరిగి, అలాగే అతుక్కుని ఉన్నది. కీలు అరగడం కూడా మొదలైంది.

కంటికి కనిపించని మూడవ గోడ

మోకాలి క్రింది రెండు ఎముకల చివరలు కలిసి చీలమండ వద్ద ఒక గూడులా ఏర్పడతాయి. అందులో పాదపు ఎముక కదులుతుంది. గూటికి ఇరుప్రక్కల ఉన్న బుడిపెలు మన చేతికి తగులుతాయి. పెద్ద ఎముక వెనుక అంచు మాత్రం లోతుగా ఉంటుంది. పాదపు ఎముక వెనుకకు జారకుండా ఆపేది అదే. రెండు ఎముకలను బిగించి ఉంచే బలమైన సంధిబంధనం ఒకటి దానినే అంటిపెట్టుకుని ఉంటుంది.

గూడు కొద్దిగా సడలినా నష్టం పెద్దది. పాదపు ఎముక ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే కీలులో ఎముకలు ఆనుకునే వైశాల్యం సుమారు 42 శాతం తగ్గుతుందని 1976లో రామ్సే, హామిల్టన్ అనే వైద్యులు చూపారు.

శస్త్రచికిత్స ఎప్పుడు?

ఎముక జరగక, కీలు నిలకడగా ఉంటే పిండికట్టు చాలు. కీలు ఉపరితలంలో నాలుగవ వంతుకో, మూడవ వంతుకో మించి విరిగితేనే శస్త్రచికిత్స అని పూర్వం అనుకునేవారు. నేడు సి.టి. స్కాన్ తీసి, కీలు లోపల మెట్టు ఏర్పడిందా, రెండు ఎముకల నడుమ బంధం సడలిందా అనే విషయాలను కూడా చూస్తారు. అవసరమైతే, తరచుగా రోగిని బోర్లా పడుకోబెట్టి, చీలమండ వెనుక నుండి కోసి, ముక్కను స్వస్థానంలో కూర్చి, పలకతోనో మరలతోనో బిగిస్తారు. వాపు తగ్గి చర్మంపై ముడతలు కనబడేవరకు కొన్ని రోజులు ఆగడం సాధారణం.

ఇది మన శాస్త్రానికి విరుద్ధం కాదు. సుశ్రుతుడు భగ్నచికిత్సలో లాగడం, నొక్కడం, సరిగా కూర్చడం, ఆ తరువాత కట్టడం అనే వరుసను చెప్పాడు. కట్టు వదులైతే కీలు నిలవదని, బిగుతైతే వాపు, నొప్పి కలుగుతాయని హెచ్చరించాడు. నేను కట్టాను గాని, కూర్చలేదు. కనిపించని ముక్కను ఎలా కూర్చగలను?

ఇంటివారు గమనించవలసినవి

• గాయపడిన కాలితో నాలుగడుగులు వేయలేకపోయినా, బుడిపెల వెనుక ఎముకపై నొక్కితే నొప్పి ఉన్నా, వెంటనే ఎక్స్-రే తీయించాలి.
• విరిగినదేమోనన్న అనుమానం ఉన్నచోట మర్దన, కాపడం చేయరాదు.
• కట్టు కట్టిన తరువాత వేళ్లు నీలిబారినా, మొద్దుబారినా, నొప్పి పెరుగుతున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.
• పాదాన్ని గుండెకంటె ఎత్తులో ఉంచాలి. వైద్యుడు చెప్పేవరకు కాలిపై బరువు మోపరాదు.
• పాలు, రాగులు, నువ్వులు, పప్పులు ఆహారంలో ఉండాలి. బీడీ, సిగరెట్టు మానాలి. అవి ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులో ఉంచుకోవాలి.
• నల్లేరు పచ్చడి మన సీమ వంటే. దానిని ఔషధంగా వాడదలచినవారు వైద్యునితో చెప్పి వాడాలి. అది జరిగిన ఎముకను వెనుకకు తేలేదు.
• తైలమర్దన గాయం పూర్తిగా మానిన తరువాత, వైద్యుని అనుమతితో మాత్రమే.

ఆ నేతగాడి మగ్గం మీద ఇప్పుడు ఆయన కుమారుడు కూర్చుంటున్నాడు. ఆయన ప్రక్కన కండెలు చుడుతున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆనాటి నుండి చీలమండ వాచి, ఎముకపై నొప్పితో నా వద్దకు వచ్చినవారిని ముందు తాడిపత్రికి ఎక్స్-రే కోసం పంపుతున్నాను. నల్లేరు సంగతి ఆ తరువాతనే.