గోదారి గట్టున ఫ్రెంచి ఊరు

సాయంత్రం ఆఫీసు అయ్యాక హైటెక్‌ సిటీ కుర్రాళ్లు కొందరు ఫీజు కట్టి మరీ ఫ్రెంచి క్లాసులకు పరుగెడతారు. ఆ భాష వస్తే రెజ్యూమెలో ఓ లైను పెరుగుతుంది. ఐరోపా ప్రాజెక్టు దొరికినా దొరకొచ్చు! కానీ ఒకప్పుడు ఆ భాషలోనే సర్కారు నడిచిన తెలుగు ఊరు ఒకటుందని వాళ్లలో ఎందరికి తెలుసు?

అదే... యానాం. కాకినాడ నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే. గౌతమీ గోదావరి పక్కన సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. చుట్టూ ఆంధ్రప్రదేశ్‌. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరిది!

ఫ్రెంచివాళ్లు ఇక్కడికి 1723లో వర్తకానికి వచ్చారు. నాలుగేళ్లకే మూటాముల్లె సర్దుకుని, 1731లో మళ్లీ వచ్చారు. ఇంగ్లిషువాళ్లు పలుమార్లు ఆక్రమించినా చివరికి ఊరు ఫ్రాన్స్‌ చేతికే చేరింది. కాగితాల మీద దాని పేరు 'యానావ్‌'. ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. 1880లో ఫ్రెంచి ప్రభుత్వం తన స్థావరాలను 'కమ్యూన్‌'లుగా విభజించి పురపాలన ఏర్పాటు చేసినప్పుడు ఈ చిన్న ఊరికీ ఓ మేయరు వచ్చాడు.

బ్రిటిష్‌ చట్టాలు ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాక, చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని తీసుకుని ఇక్కడికొచ్చి పెళ్లిళ్లు చేసుకెళ్లారు. అందుకే దీనికి 'కల్యాణపురం' అన్న పేరూ పడింది. విదేశీ సరుకు దొరికే మంగళవారం సంత సంగతి సరేసరి!

1954 జూన్‌ 13న ఇక్కడివాడే అయిన దడాల రఫేల్‌ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 1న పాలన భారత్‌ చేతికొచ్చింది. అయితే చట్టపరంగా విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16నే.

అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. ఫ్రెంచి పౌరులుగానే ఉండాలనుకుంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే భారతీయులు. తల్లిదండ్రుల నిర్ణయమే మైనర్‌ పిల్లలకూ వర్తించింది. పద్దెనిమిదేళ్లు నిండాక వాళ్లు కోరుకుంటే మార్చుకోవచ్చు. ఒకే వీధిలో ఒక ఇల్లు ఫ్రాన్స్‌ వైపు, పక్కిల్లు ఇండియా వైపు నిలిచే పరిస్థితి. ఒక్క సంతకం... తరతరాల పాస్‌పోర్టు రంగునే మార్చేసింది!

జెండా దిగినా ఫ్రెంచి పురపాలన చట్టం వెంటనే పోలేదు. 1973లో పాండిచ్చేరి మున్సిపాలిటీల చట్టం వచ్చాకే 'కమ్యూన్‌' కథ ముగిసింది. చిత్రమేమిటంటే, పరాయి పాలనలోనే మేయరును చూసిన ఈ ఊళ్లో, స్వతంత్ర భారతంలో 1968 తరవాత మున్సిపల్‌ ఎన్నికల కోసం 2006 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లు!

2011 లెక్కల ప్రకారం యానాం జనాభా 55,626. హైటెక్‌ సిటీ చుట్టూ ఉన్న అపార్టుమెంట్లలో ఏ కొన్ని సముదాయాలు కలిపినా అంతమంది తేలతారు. కానీ రెండు దేశాల చరిత్ర ఇంట్లోనే పెట్టుకున్న ఊరు తెలుగునేల మీద ఇదొక్కటే. ఈసారి కాకినాడ వెళ్తే ఓ పూట అటు వెళ్లి రండి. గోదారి గాలికి మాత్రం ఏ పాస్‌పోర్టూ అక్కర్లేదు!