ఎసిటోన్‌తో జాగ్రత్త!

పోయిన వార్షికోత్సవానికి స్టేజి మీద అతికించాలని థర్మోకోల్ అక్షరాలు కోశాం. ఒక అక్షరం మీద పెయింటు ఒలికింది. తుడుద్దామని గోళ్ళరంగు తుడిచే ద్రవం పోశాం. పెయింటు పోవడం అటుంచి అక్షరమే కరిగి ముద్దయింది! అందరం ఒకటే నవ్వు. కరెంటు లేక పక్కనే కొవ్వొత్తి వెలిగించుకున్న సంగతి మాత్రం మరిచిపోయాం. మందుల కంపెనీలో పనిచేస్తున్న ఒక సీనియర్ అన్న అప్పుడే వచ్చి, గబగబా కొవ్వొత్తి ఆర్పించి, సీసాకు మూత పెట్టించి, కిటికీలు తెరిపించారు. ఆ రోజు అన్న చెప్పినవీ, మేము పుస్తకాల్లో చదివినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ఎసిటోన్ అంటే?

ఆ ద్రవంలో ఉన్నది ఎసిటోన్. కీటోన్లలో అన్నిటికంటే చిన్నది. రంగు ఉండదు, ఘాటైన తియ్యని వాసన ఉంటుంది. 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. నీటిలో కలిసిపోతుంది, నూనె, రంగులు, జిగురు వంటి వాటినీ కరిగిస్తుంది. అందుకే మందుల కంపెనీల్లో దీన్ని ద్రావణిగా డ్రమ్ములకొద్దీ వాడతారు. మన శరీరంలోనూ కొద్దిగా తయారవుతుంది. షుగరు బాగా అదుపు తప్పినవారి ఊపిరిలో పండ్ల వాసన వచ్చేది దీనివల్లనే. అలా వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ప్రమాదం ఎక్కడ?

సుమారు మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా దీని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇక మన ఎండల సంగతి చెప్పాలా? గాలిలో ఈ ఆవిరి రెండున్నర శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వతో భగ్గుమంటుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే రెండు రెట్లు బరువు. నేలబారున పాకి దూరంగా ఉన్న పొయ్యిని చేరి, మంట వెనక్కి సీసా దాకా రాగలదు. మూసిన గదిలో ఎక్కువసేపు పీలిస్తే తలనొప్పి, కళ్ళు తిరగడం, మత్తు వస్తాయి. చర్మం పొడిబారి పగులుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. మంట, బీడీ, స్విచ్చుల దగ్గర మూత తీయరాదు.
2. కంపెనీల్లో ఒక డ్రమ్ములోంచి మరో డ్రమ్ములోకి పోసేటప్పుడు స్థిర విద్యుత్తుతో రవ్వ పుడుతుంది. రెండు డ్రమ్ములనూ తీగతో కలిపి ఎర్తింగ్ ఇవ్వాలి.
3. ల్యాబులో వాడేసిన ఎసిటోన్‌ను క్లోరోఫారం ఉన్న సీసాలో పోయరాదు. క్షారం తగిలితే పేలవచ్చు.
4. అంటుకుంటే చెంబుతో నీళ్ళు చల్లితే ఆరదు, ఒలికిన ద్రవంతో మంట పాకవచ్చు. పొడి రసాయనం లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడాలి.
5. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించాలి.

మన హాస్టల్లో చదివిన అన్నలు చాలామంది జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ కంపెనీల్లో పనికి చేరుతున్నారు. రేపు మేమూ చేరతాం. అన్నలారా! ఎర్తింగ్ తీగ లేకుండా డ్రమ్ము వంచమని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకండి. వీలున్న ఆదివారం హాస్టలుకు వచ్చి మాకూ ఈ సంగతులు నేర్పండి. వచ్చే వార్షికోత్సవంలో మీ అందరినీ క్షేమంగా చూడాలని మా కోరిక.