చేరగిలబడి తొక్కండి!

మోకాళ్ల నొప్పులనీ, నడుం పట్టేసిందనీ వ్యాయామం మానేసిన పెద్దలకు రికంబెంట్ బైక్ మంచి దారి. అయితే కొనేముందు చూడాల్సినవి కొన్నున్నాయి.

‘రోజూ ఓ అరగంట నడవండి.’ బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు మందుల చీటీతో పాటు డాక్టర్ చెప్పే మాట ఇది. మంచి మాటే. కానీ మోకాళ్లలో గుజ్జు అరిగిపోయి, అపార్ట్‌మెంట్ మెట్లు దిగడానికే రెయిలింగ్ పట్టుకునే మనిషి ఎక్కడ నడవాలి? చాలా ఊళ్లలో ఫుట్‌పాత్ ఉండదు. ఉన్నచోట బండ్లు ఆపి ఉంటాయి. వీధికుక్కల భయం సరేసరి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పొద్దున్నే బయల్దేరినా ఎండ తరిమేస్తుంది. అలా ఒక వారం మానేసిన నడక నెల, ఏడాది అయి చివరికి ఆగిపోతుంది. కదలిక తగ్గేకొద్దీ తొడ కండరాలు సన్నబడతాయి. ఆ కండరాలు బలహీనమయ్యేకొద్దీ మోకాలి నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిందని ఇంకా తక్కువ కదులుతారు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. అలాంటి దేశంలో లక్షల ఇళ్లలోని పెద్దలు ఈ సుడిలో చిక్కుకున్నారు.

ఆ సుడిలోంచి బయటపడటానికి ఉన్న దారుల్లో రికంబెంట్ బైక్ ఒకటి. కుర్చీలాంటి సీటు, వీపు ఆన్చుకోవడానికి దన్ను, కాళ్లకు ఎదురుగా పెడళ్లు. మామూలు వ్యాయామ సైకిల్ మీద బరువంతా చిన్న సీటు మీదా, ముందుకు వంగిన చేతుల మీదా పడుతుంది. దీని మీద పిరుదులు, వీపు కలిసి బరువును పంచుకుంటాయి. నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే శరీర భారం ఇక్కడ సీటు మీదికి వెళ్లిపోతుంది. కీలు మాత్రం హాయిగా తిరుగుతూ ఉంటుంది. ఫిజియోథెరపీ గదుల్లో ఇది కనిపించడానికి కారణం ఇదే.

పందేల్లోంచి వెలివేసిన సైకిల్

ఈ కుర్చీ సైకిల్‌కు ఒక చరిత్ర ఉంది. 1930ల ఫ్రాన్స్‌లో షార్ల్ మోషే అనే తయారీదారు వెనక్కి వాలి తొక్కే సైకిల్‌ను రూపొందించాడు. 1933 జులై 7న ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు దానిమీద గంటలో 45 కిలోమీటర్లకు పైగా వెళ్లాడు. 1914 నుంచి ఎవరూ దాటలేకపోయిన ఆస్కార్ ఎగ్ రికార్డు అలా బద్దలైంది. ఫోర్ అప్పటికి అగ్రశ్రేణి ఆటగాడేం కాదు. ఈ గెలుపులో మనిషి వాటా ఎంత, యంత్రం వాటా ఎంత అని పెద్ద వాదన నడిచింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పందెపు సైకిల్ ఎలా ఉండాలో కొత్తగా నిర్వచించి, దీన్ని పోటీల నుంచి బయటికి నెట్టేసింది.

వాలి కూర్చున్న శరీరానికి ఎదురుగాలి తక్కువ తగులుతుంది. ఆ వేగానికి ముఖ్య కారణం అదే. ఇంట్లో, ఫ్యాన్ కింద, కదలని సైకిల్ మీద ఎదురుగాలి లేదు. రోడ్డు మీద ఉన్న ఆ గొప్ప లాభం ఇక్కడ సున్నా. ఇంట్లోకి తెచ్చుకున్నప్పుడు మిగిలేది ఒక్క కుర్చీయే. కొనేది ఆ కుర్చీ కోసమే కాబట్టి ఎంపికా అక్కడే మొదలవ్వాలి. దుకాణంలో అమ్మేవాళ్లు ముందు తెర చూపిస్తారు, ఆ తర్వాత యాప్, ఆ తర్వాత ‘ఇరవై నాలుగు లెవెల్స్’. కుర్చీ గురించి అడిగితే గానీ చెప్పరు.

కూర్చోవడం కాదు, లేవడం చూడాలి

మొట్టమొదట చూడాల్సింది నేలనుంచి సీటు ఎత్తు. చాలా మోడళ్లలో సీటు బాగా కిందికి ఉంటుంది. కూర్చునేటప్పుడు సుఖంగానే అనిపిస్తుంది. అరగంట తొక్కాక, అలిసిన కాళ్లతో లేవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఇంట్లో భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి. సీటు ఆ ఎత్తుకు దగ్గరగా ఉంటే మోకాళ్ల నొప్పులవాళ్లు పట్టుకునేవాళ్లు లేకుండా లేవగలరు. సీటుకు రెండు పక్కలా గట్టి పిడులుండాలి. చేతులు ఊనినప్పుడు అవి ఊగకూడదు.

రెండోది ఎక్కే దారి. సీటుకూ పెడళ్లకూ మధ్య కొన్ని బైకులకు ఎత్తైన దూలం ఉంటుంది. చీరకట్టుతో ఉన్న అమ్మ దాని మీంచి కాలు దాటించలేదు. మధ్యలో ఖాళీగా, నడిచి వెళ్లి కూర్చునేలా ఉండే ఫ్రేము వేరే ఉంటుంది. పెద్దవాళ్ల కోసమైతే అదే తీసుకోవాలి. ఇందులో రాజీ పడొద్దు.

ఇక కాళ్ల పొడవు. మన ఇళ్లలో ఐదడుగులు, అంతకన్నా తక్కువ ఎత్తున్న ఆడవాళ్లు ఎందరో. మార్కెట్లోని కొన్ని బైకులు పొడుగువాళ్ల కొలతలకు తయారైనవి. సీటును పూర్తిగా ముందుకు జరిపినా పెడల్ అందదు, అందుకోవడానికి నడుం జారుతుంది. వీపుకు దన్ను ఉండీ లేనట్టే అవుతుంది. ‘ఎంత ఎత్తువాళ్లకు సరిపోతుంది’ అని అడిగితే అమ్మేవాళ్లు ఎక్కువలో ఎక్కువ ఎంతో చెబుతారు. మీరు తక్కువలో తక్కువ ఎంతో అడగండి. సరిచూసే పద్ధతి తేలిక. వీపు పూర్తిగా ఆన్చి కూర్చుని, అవతలి కొసకు వెళ్లిన పెడల్ మీద మడమ పెట్టండి. కాలు దాదాపు నిటారుగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మోకాలు పూర్తిగా బిగుసుకుపోతే సీటు దూరమైనట్టు, పొట్టకు తగిలేలా వస్తే దగ్గరైనట్టు. ఒకే బైకును ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడితే సీటును ఎవరికి వాళ్లు జరుపుకోగలగాలి. కూర్చునే జరుపుకోగల లివర్ ఉంటే మరీ మంచిది. దిగి, వంగి, మర తిప్పి జరపాల్సిన సీటును పెద్దవాళ్లు జరపరు. సరిపోని దూరంలోనే తొక్కి మోకాళ్లు పాడుచేసుకుంటారు.

వీపు దన్నుకు దళసరి ఫోమ్, రెక్సిన్ బాగా కనిపిస్తాయి గానీ కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో చెమటకు అంటుకుపోతాయి. గాలి ఆడే జాలీ దన్ను మన వాతావరణానికి నయం.

లోపల ఏముంది?

పెడల్ తిప్పితే లోపల బరువైన చక్రం తిరుగుతుంది. దాన్ని ఫ్లైవీల్ అంటారు. పాతకాలపు చౌక బైకుల్లో ఆ చక్రానికి ఒక మెత్త ఒరుసుకుని బరువు పుట్టిస్తుంది. మెత్త అరుగుతుంది, చప్పుడు చేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి అయస్కాంతంతో పనిచేసేవి. తిరిగే లోహచక్రానికి అయస్కాంతం దగ్గరైతే ఆ లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి చక్రాన్ని వెనక్కి పట్టి లాగుతాయి. అయస్కాంతం ఎంత దగ్గరైతే తొక్కడం అంత బరువవుతుంది. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల లేదు, చప్పుడూ లేదు. గొలుసుకు బదులు బెల్టు ఉన్నది తీసుకుంటే తెల్లవారుజామున తొక్కినా కింది ఫ్లాటువాళ్లకు వినపడదు.

పదహారు లెవెళ్లు, ముప్ఫై రెండు లెవెళ్లు అన్న అంకెలకు పెద్దగా విలువ లేదు. ఒక కంపెనీ పదో లెవెల్ ఇంకో కంపెనీ నాలుగో లెవెల్‌తో సమానం కావచ్చు. మొదటి లెవెల్ ఎంత తేలిగ్గా ఉందన్నదే పెద్దవాళ్లకు ముఖ్యం. ఆపరేషన్ తర్వాత తొక్కేవాళ్లకు అది దాదాపు బరువే లేనట్టుండాలి. తొక్కుతున్నప్పుడు ప్రతి చుట్టులోనూ ఒకచోట కుదుపు వస్తే చక్రం చాలనట్టే, ఆ బైకును వదిలేయండి. పెడళ్ల పట్టీలనూ చూడండి. తనంతట తాను తిన్నగా నిలబడే పెడల్ అయితే పాదం పెట్టడం తేలిక.

బరువు మార్చేందుకు గుండ్రటి నాబ్ ఉన్న మోడల్‌కు కరెంటు అక్కర్లేదు. తెరకు రెండు బ్యాటరీ సెల్స్ చాలు. మోటారుతో మారేవాటికి ప్లగ్ కావాలి, బోర్డు పాడైతే మెకానిక్ రావాలి. చిన్న ఊళ్లో ఉండే తల్లిదండ్రులకు నా మాటగా చెప్పేది నాబ్ మోడలే.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20957లో వ్యాయామ సైకిళ్లకు ప్రత్యేక భాగముంది. ఇంటి వాడకానికి ఉద్దేశించినవి ‘హెచ్’ తరగతిలోకి, జిమ్ముల్లోవి ‘ఎస్’ తరగతిలోకి వస్తాయి. వివరాల పత్రంలో ఈ ప్రస్తావన ఉందేమో చూడండి. ‘హోమ్ యూజ్’ వారంటీతో కొన్నదాన్ని అపార్ట్‌మెంట్ జిమ్ములో పెడితే వారంటీ చెల్లకపోవచ్చు. మోయగల బరువు విషయంలో మీ బరువుకన్నా కనీసం ఇరవై కిలోలు ఎక్కువ రాసి ఉన్నది ఎంచుకోండి.

తెర మీది అంకెలు

తెర చూపించే క్యాలరీలను చూసి మురిసిపోవద్దు. 50 వాట్ల శక్తితో అరగంట తొక్కితే జరిగిన పని 90 కిలోజౌళ్లు. మన శరీరం ఖర్చు పెట్టిన శక్తిలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా మాత్రమే పెడల్ మీద పనిగా మారుతుంది. ఆ లెక్కన ఖర్చయ్యేది సుమారు 90 నుంచి 110 క్యాలరీలు. కొత్తగా మొదలుపెట్టిన పెద్దవాళ్లకు 50 వాట్లే మంచి శ్రమ. తెర అదే అరగంటకు మూడు వందలు చూపిస్తోందంటే నమ్మాల్సిన పనిలేదు. బరువు తగ్గడానికి తిండి చూసుకోవాలి. ఈ సైకిల్ గుండెకు, చక్కెర అదుపుకు, కాళ్ల బలానికి.

పిడి పట్టుకుంటే కనిపించే నాడి లెక్కా అంత కచ్చితమైనది కాదు. పైగా బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు శ్రమ పడినా నాడి అంతగా పెరగదు. ‘220లోంచి వయసు తీసేయండి’ అన్న సూత్రం వాళ్లకు పనికిరాదు. అందరికీ పనికొచ్చే కొలత మాట. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థ శ్రమ. పాట పాడగలిగితే బరువు కాస్త పెంచండి. రెండు మాటలకే ఆయాసమొస్తే తగ్గించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. ఒక్కసారిగా కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతును కూడా అప్పుడే తీసేశారు. కాబట్టి పొద్దున ఏడు నిమిషాలు, మధ్యాహ్నం తిన్న కాసేపటికి పది, సాయంత్రం సీరియల్ చూస్తూ ఇంకో పది... అన్నీ లెక్కలోకి వస్తాయి. మొదటి వారం ఐదు నిమిషాలు చాలు.

ఇది చేయలేని పనులు

ఈ సైకిల్ ఎముకలను గట్టిపరచదు. బరువు మోస్తేనే ఎముకకు బలం వస్తుంది, ఇక్కడ బరువు మోసేది సీటు. తూలిపడకుండా నిలబడే నేర్పునూ ఇది ఇవ్వదు. అందుకే 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా బ్యాలెన్స్ పెంచే కసరత్తులు, రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామాలు చేయాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం వంటివి దీనికి తోడు కావాల్సిందే. ఆరోగ్యంగా ఉండి రోడ్డు మీద సైకిల్ తొక్కగల పాతికేళ్ల కుర్రాడికి ఇది అక్కర్లేదు.

మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు సర్జన్, ఫిజియోథెరపిస్ట్ చెప్పాకే ఎక్కాలి. పెడల్ పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు వంద డిగ్రీలకు పైగా వంగాలి. అంత వంగనప్పుడు సగం చుట్టే ముందుకీ వెనక్కీ ఆడిస్తారు, బలవంతంగా తిప్పకూడదు. తుంటి మార్పిడి అయినవాళ్లకు ఎంత వంగొచ్చన్న హద్దులు వేరు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు చక్కెర చూసుకుని, గ్లూకోజ్ పక్కన పెట్టుకోవాలి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు బూట్లు వేసుకునే తొక్కాలి, దిగాక పాదాలు చూసుకోవాలి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొంగు, చున్నీ, లుంగీ అంచు పెడల్ దగ్గర చిక్కుకునే ప్రమాదముంది. బిగించి దోపుకోవాలి, లేదా పైజామా వేసుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు తొక్కుతుండగా వాళ్లను దగ్గరికి రానివ్వకండి. సముద్రతీర ఊళ్లలో బాల్కనీలో పెట్టకండి, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. పొడవు నాలుగున్నర నుంచి ఆరడుగుల దాకా ఉంటుంది కాబట్టి హాల్లో చోటు ముందే కొలుచుకోండి. అటక పక్కకో, స్టోర్ రూముకో చేరిన సైకిల్‌ను ఎవరూ తొక్కరు.

కొనేదెవరు, తొక్కేదెవరు?

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు తెనాలిలోని అమ్మానాన్నలకు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడం ఇప్పుడు మామూలే. ప్రేమ గొప్పది. కానీ ఆ మోకాలు ఎంత వంగుతుందో, ఆ కాలు ఎంత పొడవో ఫోన్ తెర మీద కనిపించదు. ఆర్డర్ పెట్టేముందు వీడియో కాల్‌లో ఇంటి కుర్చీ ఎత్తు, అమ్మ ఎత్తు, నాన్న బరువు అడిగి రాసుకోండి. బిగించేవాళ్లు ఆ ఊరికి వస్తారా, సరిపోకపోతే తిరిగి తీసుకుంటారా, బెల్టు, పెడల్ వంటి విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయా అని ముందే తేల్చుకోండి. ఫ్రేముకూ, భాగాలకూ, మెకానిక్ ఖర్చుకూ వారంటీ గడువులు వేరువేరుగా ఉంటాయి. మూడూ విడివిడిగా అడగండి.

వాడేసింది కొన్నా తప్పులేదు. కొన్నాక నాలుగు రోజులు తొక్కి వదిలేసిన బైకులు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. సీటు తాళం జారకుండా పడుతోందా, పెడల్ కాడను అటూ ఇటూ ఊపితే కదులుతోందా, నాబ్ తిప్పితే బరువు నిజంగా మారుతోందా, కింద తుప్పుందా... ఈ నాలుగూ చూసుకుంటే చాలు. కొత్తదానికి పెట్టే డబ్బు ముందు ఫ్రేముకు, సీటుకు, బెల్టుకు పెట్టండి. తెరకూ యాప్‌కూ మిగిలితే చూద్దాం.

దుకాణానికి వెళ్లేటప్పుడు తొక్కబోయే మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. చెప్పులతో కాదు, బూట్లతో. పావుగంట తొక్కనివ్వండి, తొందరపెట్టకండి. దిగేటప్పుడు మీరు చెయ్యి అందించకుండా చూడండి. తనంతట తాను లేచి పక్కకు రాగలిగితే ఆ బైకు కొనండి, లేకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు.