కరిగే పూలే గౌరమ్మకు ప్రీతి

దేవుణ్ని పూలతో పూజించే సంప్రదాయం మనకు అనాదిగా ఉన్నదే. పూలనే దేవతగా పేర్చి, ఆ పూలకే మొక్కే అపురూపమైన ఆచారం మాత్రం తెలంగాణ ఆడపడుచులది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మగా అడుగిడి, ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు సద్దుల బతుకమ్మగా సాగిపోయే ఆ తల్లి, తొమ్మిది రోజులపాటు ప్రతి వాడనూ తన పుట్టిల్లుగా చేసుకుంటుంది.

ఈ పూజకు శిల్పితో పని లేదు. గర్భాలయంతో పని లేదు. పగలు పేర్చిన రూపం పొద్దుగూకేసరికి నీట కలుస్తుంది. అందుకే ఈ పండుగలో ఒక నియమం అంతర్లీనంగా నిలిచింది. అమ్మవారి మేనిలో నీట కరగనిది, మట్టిలో కలవనిది ఏదీ ఉండరాదు. పర్యావరణ హితమంటూ నేడు మనం కొత్తగా నేర్చుకుంటున్నది బతుకమ్మకు పూజావిధిలోనే ఉంది. ఆ విధి చెదురుతున్న వేళ దాన్ని మరొక్కసారి మననం చేసుకోవడం అవసరం.

ఋతువు నింపిన పూలసజ్జ

వానలు తగ్గి శరత్తు ప్రవేశించే సమయమిది. చెరువులు నిండుగా ఉంటాయి. చెలకల్లో, గట్లపైన అడవిపూలు విరగబూస్తాయి. వెండి కుచ్చుల్లాంటి గునుగు జొన్న, మక్క, పత్తి చేలలో తనంత తానే మొలుస్తుంది. రైతుకు అది కలుపు, గౌరమ్మకు అదే ఆభరణం. దాని లేత ఆకును కూరగా వండుకునే ఇళ్లూ ఉన్నాయి. బంగారు వన్నె తంగేడు ఎవరూ నీరు పెట్టకపోయినా బీడు భూముల్లో, గుట్టల వాలుల్లో పూస్తుంది. దాని బెరడు తోళ్లను పదును చేయడానికి, ఆకు పొలానికి పచ్చిరొట్టగా తరతరాలుగా ఉపయోగపడ్డాయి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది.

వీటికి బంతి, చామంతి, కట్లపూలు, గుమ్మడి, తామర తోడవుతాయి. ఒకప్పుడు బతుకమ్మను చూస్తే ఆ ఊరి నేల ఎలాంటిదో, ఆ ఏడు వాన ఎలా కురిసిందో తెలిసేది. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో భగవానుడు భక్తుని నుంచి కోరినవి ఆకు, పువ్వు, పండు, నీరు మాత్రమే. బతుకమ్మ ఆ మాటకు నిండైన రూపం.

పేర్చడమూ పూజే

వెడల్పాటి తాంబాలంలోనో సిబ్బిలోనో ముందుగా గుమ్మడి ఆకులు పరుస్తారు. అంచు చుట్టూ తంగేడు పూలు అమర్చుతారు. గునుగు కాడలను సమంగా కత్తిరించి, కట్టలుగా కట్టి, పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా వరుసలు పేరుస్తారు. మధ్యలో ఏర్పడిన ఖాళీని మిగిలిన ఆకులతో, కాడల తుంటలతో నింపుతారు. అలా నింపుతూ పోతేనే పైవరుసకు ఆధారం దొరుకుతుంది. పైకి పోయేకొద్దీ వలయం చిన్నదై, గోపురంలా శిఖరం తేలుతుంది. శిఖరాన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ కొలువుదీరుతారు.

ఈ పద్ధతిలో వృథా అన్నదే లేదు. పువ్వు పైకి కనిపిస్తుంది, కాడ లోపలి నుంచి మోస్తుంది. ఇనుప తీగ, జిగురు, అట్టముక్క వంటివేవీ అక్కర్లేదు. ఎత్తు కోసం లోపల థర్మాకోల్ దిమ్మెను నిలిపితే శ్రమ తగ్గవచ్చు. కానీ పూలు కరిగిపోయాక చెరువులో మిగిలేది ఆ దిమ్మె ఒక్కటే.

ఎక్కడ దారి తప్పుతున్నాం

పట్టణాల్లో పొలం దూరమైంది, అంగడి దగ్గరైంది. పూలు చాలక కాగితపు పూలు, ప్లాస్టిక్ దండలు, మెరుపు కాగితాలు బతుకమ్మ మీదికి చేరాయి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన విగ్రహ నిమజ్జన మార్గదర్శకాలు కూడా ప్లాస్టిక్‌ను, థర్మాకోల్‌ను వద్దన్నాయి. చట్టం చెప్పిందని కాక, చెరువు కూడా అమ్మవారి ఒడే కదా అన్న భావంతో వీటిని విడిచిపెట్టడం భక్తులకు శోభనిస్తుంది.

మరొకటి రంగు. తెల్లని గునుగుకు గులాబీ, ఊదా, ఆకుపచ్చ రంగులు అద్దడం మనకు కొత్త కాదు. అయితే అంగట్లో దొరికే రసాయన రంగులు పూలతోపాటే నీటిలోకి దిగుతాయి. వంటింట్లోనే వీటికి బదులు ఉంది. పసుపు నీళ్లలో ముంచిన గునుగు పసిమి వన్నె తేలుతుంది. పసుపులో సున్నం కలిపిన పారాణి ఎరుపునిస్తుంది. బీట్‌రూట్ ఉడికించిన నీరు గులాబీ ఛాయనిస్తుంది. ఈ రంగులు ఎక్కువ రోజులు నిలవవన్న మాట నిజమే. బతుకమ్మ కొలువు కూడా ఒక్క పూటే కదా!

చెరువు మోయగలిగినంతే

పూలే కదా, ఎన్ని వేసినా నీటికి మేలే అనుకోవడం మనకు అలవాటు. పువ్వు నీటిలో కుళ్లేటప్పుడు అందులో కరిగి ఉన్న ప్రాణవాయువును సూక్ష్మజీవులు వాడుకుంటాయి. వానకు నిండిన ఊరి చెరువులో పది వాడల బతుకమ్మలు ఇట్టే కలిసిపోతాయి. మురుగు చేరి చిక్కిపోయిన పట్నపు కుంటలో వందల బతుకమ్మలు ఒకేచోట పడితే చేపలకు ఊపిరాడదు. పెద్దల ఆచారం తప్పు కాదు. ఆ ఆచారం నిండు చెరువును నమ్ముకుని ఏర్పడింది. చెరువును చిన్నది చేసుకున్నది మనం.

హైదరాబాదు అంబర్‌పేటలో బతుకమ్మ పేరునే మోసిన బతుకమ్మ కుంట పూడికలో కనుమరుగైపోయి, 2025లో తిరిగి నీళ్లతో కళకళలాడింది. పండుగ బతకాలంటే ముందు నీరు బతకాలని ఆ కుంట మనకు చెబుతోంది.

గునుగు ఏమవుతోంది?

అన్నిటికంటే మించిన ఆందోళన ఒకటుంది. కలుపు తీసే కూలీలు దొరకక రైతులు కలుపు మందులను ఆశ్రయిస్తున్నారు. ఆ మందు కొట్టిన చేలో గునుగు మొలవదు. తంగేడు పూచే బీళ్లు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. రైతును నిందించి లాభం లేదు. గట్టు మీద, కంచె వెంట రెండు సాళ్లు గునుగుకు వదిలితే చాలు. రంగు అద్దని గునుగు కంకులను కొన్ని ఎండబెట్టి, నల్లగా మెరిసే సన్నని గింజలను దాచి, తొలకరికి ముందు పాడుపడ్డ స్థలాల్లో చల్లవచ్చు. గుడి ఆవరణలో, బడి ప్రహరీ వెంట ఒక తంగేడు మొక్క నాటవచ్చు. ఈ ఏటి పూజ వచ్చే ఏటి పువ్వుకు విత్తనం కావాలి.

వాడంతా కలిసి

కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో పండుగ జరుపుకునేవారు కొన్ని కట్టుబాట్లు చేసుకోవచ్చు. ఇంటికొకటి చొప్పున ఎత్తులో పోటీ పడేకన్నా నాలుగిళ్లవారు కలిసి ఒక బతుకమ్మను పేర్చవచ్చు. కోసుకునే పువ్వును కొంత చెట్టుకే వదలాలి. పూలు తెచ్చిన ప్లాస్టిక్ సంచులను ఒడ్డున విడవకుండా గుడ్డ సంచులు, వెదురు గంపలు వాడాలి. చెరువు దగ్గర లేకుంటే నీటి తొట్టిలో గౌరమ్మను సాగనంపి, మర్నాడు ఆ పూలను తీసి ఎండుటాకులతో, పేడతో కలిపి ఎరువు చేయాలి. సద్దులు, మలీద పంచుకోవడానికి విస్తరాకులు ఉండనే ఉన్నాయి.

పరదేశాల్లోని మనవారికి గునుగు దొరకదని దిగులు అక్కర్లేదు. అక్కడి నేల మీద ఆ ఋతువులో పూసే చామంతి, బంతులతో పేర్చినా గౌరమ్మ కొలువుదీరుతుంది. ఎక్కడి పువ్వు అన్నది కాదు, కరిగే పువ్వా కాదా అన్నదే నియమం.

తొమ్మిది రోజుల్లో ఆరోనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆట ఆడరు. అమ్మవారు అలిగిందని పెద్దలు చెబుతారు. ఆ ఒక్కరోజు కొమ్మ మీది పువ్వు కొమ్మ మీదే ఉంటుంది. మన తీరు చూసి అమ్మ మిగిలిన రోజుల్లోనూ అలగకుండా చూసుకోవలసింది మనమే.

నిమజ్జనం తరువాత అక్కాచెల్లెళ్లు గౌరమ్మ పసుపును పుస్తెలకు అద్దుకుంటారు. మన మేనికి పూసుకునే ఆ పసుపు ఎంత స్వచ్ఛంగా ఉండాలని కోరుకుంటామో, గంగమ్మకు అప్పగించే ప్రతి పువ్వూ అంత స్వచ్ఛంగా ఉండాలి. ఆ నీటినే రేపు మన పిల్లలు తాగుతారు.