పన్నెండు లక్షల మాట పొలం అమ్మకానికి వర్తించదు

"పన్నెండు లక్షల దాకా పన్నే లేదంట గదండీ, ఇంక మనకేం భయం?" ఉండవల్లి సెంటరులో టీ బంకు దగ్గర నిలబడితే ఈ మాట వినపడుతుంది. మాట అబద్ధం కాదు. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్టు ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పిందే అది. కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు ఇచ్చి పన్ను లేకుండా చేశారు. అయితే ఆ రిబేటు జీతం, వ్యాపారం, వడ్డీ, అద్దె వంటి మామూలు ఆదాయాలకే. భూమి అమ్మగా వచ్చిన లాభానికి అది లేదు. పిల్ల పెళ్లికో, చదువుకో, అప్పు తీర్చడానికో అర ఎకరం అమ్ముకున్న రైతు దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే.

ఒక లెక్క వేసి చూద్దాం. రెండేళ్లకు పైగా చేతిలో ఉన్న స్థలం అమ్మితే 10 లక్షలు లాభం వచ్చిందనుకోండి. వేరే ఆదాయమేదీ లేదనుకోండి. 12 లక్షలు దాటలేదు కాబట్టి పన్ను లేదనుకుంటాం. 2025-26 లెక్క ప్రకారం మొదటి 4 లక్షలు మినహాయిస్తారు. మిగతా 6 లక్షల మీద పన్నెండున్నర శాతం, అంటే 75 వేలు. దాని మీద 4 శాతం సెస్సు 3 వేలు. మొత్తం 78 వేల రూపాయలు కట్టాలి. సొమ్ము ఖర్చయిపోయాక నోటీసు వస్తే ఆ 78 వేలకు వడ్డీ కూడా తోడవుతుంది.

మరి వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గదా అంటారు. నిజమే. మిర్చి యార్డులో టిక్కీలు అమ్మగా వచ్చిన డబ్బుకు, పత్తి డబ్బుకు, సాగుకిచ్చిన కౌలుకు కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. కానీ పంట వేరు, పొలం వేరు. పొలం అమ్మకంలో ముందు తేలవలసింది ఆ పొలం ఎక్కడుందనేది.

పల్లె పొలమా, పట్నం పొలమా?

పల్లె పొలమైతే అది చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు. కోటికి అమ్మినా ఈ పన్ను లేదు. పట్నం పొలమైతే మిరప తోట ఉన్నా, మల్లె తోట ఉన్నా పన్ను పరిధిలోకి వస్తుంది. పదివేల జనాభాకు తగ్గని మునిసిపాలిటీ లోపలి భూములన్నీ పట్నం భూములే. హద్దు దాటాక కూడా కొంత దూరం లెక్కలోకి వస్తుంది. జనాభా లక్ష లోపయితే 2 కిలోమీటర్లు, పది లక్షల లోపయితే 6, ఆపైన అయితే 8 కిలోమీటర్లు. ఈ దూరాన్ని రోడ్డు వెంబడి కొలవరు, తిన్నగా కొలుస్తారు. 2013 ఫైనాన్స్ చట్టం ఈ పద్ధతి తెచ్చింది.

తాడేపల్లి రైతుకు ఇందులో తప్పించుకునే దారి లేదు. 2021లో మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థ ఏర్పడింది. ప్రకాశం బ్యారేజీ దాటితే విజయవాడ. అదే ప్రకాశం జిల్లా లోపల, ఏ మునిసిపాలిటీకీ దగ్గర లేని ఊళ్లో నల్లరేగడి అమ్ముకున్న రైతుకు ఈ బాధే లేదు. ఒకే పంట, ఒకే కష్టం, పన్ను మాత్రం వేరు. న్యాయమా అంటే ఏం చెప్పగలం, చట్టం అలా ఉంది.

రెండు లెక్కల్లో ఏది లాభం

2024 జులై 23 నుంచి భూమి లాభం మీద పన్ను రేటు 20 నుంచి 12.5 శాతానికి తగ్గింది. దాంతోపాటు ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపే వెసులుబాటు తీసేశారు. గోల రావడంతో ఆ తేదీకి ముందే ఉన్న భూములకు, ఇళ్లకు పాత లెక్క కూడా ఉంచారు. రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు.

తాతల నాటి పొలానికి కొన్న ధర ఎక్కడిదంటే, 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. అది ఆనాటి రిజిస్ట్రేషను విలువకు మించకూడదు. ఆ విలువ 4 లక్షలు అనుకుందాం. 2025-26లో 40 లక్షలకు అమ్మితే కొత్త లెక్కన లాభం 36 లక్షలు, పన్ను 4 లక్షల 50 వేలు. పాత లెక్కన ఆ ఏటి సూచీ 376 కాబట్టి 4 లక్షలు 15 లక్షల 4 వేలవుతుంది, పన్ను 4 లక్షల 99 వేల పైచిలుకు. కొత్తదే మేలు. అదే పొలం 20 లక్షలకే పోయిందనుకోండి. కొత్త లెక్కన 2 లక్షలు, పాత లెక్కన 99 వేల 200. సగానికి సగం తేడా! (4 లక్షల మినహాయింపు, సెస్సు ఇందులో కలపలేదు.) బాగా ధర పెరిగిన భూమికి కొత్త లెక్క, అంతంతమాత్రం పెరిగినదానికి పాత లెక్క. ఆడిటరు దగ్గరకు వెళ్లినప్పుడు రెండూ వేయించండి, ఒక్కటే వేసి సంతకం పెట్టమంటే ఒప్పుకోవద్దు.

పొలం అమ్మి పొలమే కొనేవారికి ఇంకో దారి ఉంది. అమ్మకానికి ముందు రెండేళ్లు తాను గానీ, తల్లిదండ్రులు గానీ ఆ భూమి సాగు చేసి ఉండాలి. అమ్మిన రెండేళ్లలో మరో పొలం కొంటే అందులో పెట్టినంత మేరకు లాభం మీద పన్ను పోతుంది. కొత్త పొలం ఎక్కడున్నా ఫరవాలేదు, మూడేళ్లు అమ్మకూడదు. రిటర్ను గడువులోగా కొనలేకపోతే ఆ సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి, మామూలు సేవింగ్సు ఖాతాలో కాదు. సాగు చేసినట్టు అడంగల్ కాపీలు ముందే తీసి పెట్టుకోండి. కౌలుకిచ్చినవారికి ఇక్కడ చిక్కు రావచ్చు, ముందుగానే సలహా తీసుకోవాలి.

రాజధానికి భూమి ఇచ్చినవారికి

అమరావతి కోసం భూసమీకరణలో భూమి ఇచ్చినవారి కథ వేరు. 2017 బడ్జెట్టులో అరుణ్ జైట్లీ వారికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. 1961 చట్టంలో అది 10(37ఎ) క్లాజు. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 నాటికి ఆ భూమి తన పేరున ఉన్నవారికే ఇది. ఆ తర్వాత ఆశపడి కొన్నవారికి లేదు. భూమి ఇచ్చినందుకు పన్ను లేదు, యాజమాన్య పత్రం అమ్మినా లేదు. తిరిగి వచ్చిన ప్లాటు అమ్మితే మాత్రం గడువు చూసుకోవాలి. ప్లాటు స్వాధీనం చేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్ల లోపు అమ్మాలి. 2024 జూన్‌లో స్వాధీనం చేశారనుకోండి, 2027 మార్చి 31 దాకా పన్ను లేదు. ఏప్రిల్‌లో అమ్మితే ఉంది. అప్పుడు కూడా కొన్న ధరగా పాత పొలం విలువ తీసుకోరు, 2027 మార్చి 31 నాటి రిజిస్ట్రేషను విలువ తీసుకుంటారు. ఆపైన వచ్చినదే లాభం. కాబట్టి గడువు దాటిందని హడలిపోయి అయినకాడికి అమ్ముకోనక్కర లేదు. స్వాధీనం చేసిన తేదీ ఉన్న కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంచండి.

అడ్వాన్సు దగ్గర జాగ్రత్త

భూమి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి నిబంధన. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా, అదీ పుచ్చుకున్నవాడికి. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను కట్టే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. కానీ కొనేది పట్నం వ్యాపారి అయితే అది వర్తించదు. చెక్కో, బ్యాంకు బదిలీయో అడగండి.

పట్నం పొలం 50 లక్షలు, ఆపైన అమ్ముడైతే కొనేవాడు 1 శాతం కోసుకుని మీ పాన్ నంబరు మీద జమ కట్టాలి. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. ఆ సొమ్ము పోయినట్టు కాదు, రిటర్ను వేస్తే లెక్కలో కలుస్తుంది. ఎక్కువైతే వెనక్కి వస్తుంది.

1961 చట్టం స్థానంలో వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారాయి, "అసెస్‌మెంటు సంవత్సరం" పోయి "పన్ను సంవత్సరం" వచ్చింది. పాత నంబరు పట్టుకుని వెళ్తే ఆఫీసులో గుమాస్తా తికమకపడవచ్చు. అమ్మిన తేదీ, దస్తావేజు, 2001 నాటి విలువకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చిన కాగితం, అడంగల్ కాపీ పట్టుకుని వెళ్లండి. అడ్వాన్సు పుచ్చుకోక ముందే వెళ్తే ఇంకా మంచిది.