నాలుకపై కరిగే మూలికా మందు: మోతాదే అసలు పరీక్ష

దగ్గు వచ్చినప్పుడు కరక్కాయ ముక్కను బుగ్గన పెట్టుకోవడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. మూలికలోని సారం లాలాజలంలో కొద్దికొద్దిగా ఊరి గొంతులోకి దిగుతుంది. దాదాపు ఇదే పద్ధతిలో, మూలికల సారాన్ని తపాలా బిళ్లంత పలుచని పొరలో ఇమిడ్చి నాలుకపై కరిగే ‘ఓరల్ ఫిల్మ్’లను రూపొందిస్తున్నారు. మాత్ర మింగనక్కరలేదు. నీళ్లూ అవసరం లేదు. అయితే అంత చిన్న పొరలో ఎంత మందు పడుతుందన్నదే కీలకం.

తయారీ ఇలా..

నీటిలో కరిగే పుల్లులాన్, హెచ్‌పీఎంసీ వంటి పదార్థాలతో జిగురు ద్రావణం తయారు చేస్తారు. పొర పెళుసుబారకుండా గ్లిజరిన్, చేదు తెలియకుండా తీపి పదార్థం, వాటితోపాటు మూలికల సారం కలుపుతారు. దీనిని పలుచగా పరచి, ఆరబెట్టి, ముక్కలుగా కోస్తారు. తేమ తగిలితే అతుక్కుపోతాయి కనుక ఒక్కొక్కటిని విడి పొట్లంలో ఉంచుతారు. నోటిలో పెట్టుకున్నాక సాధారణంగా నిమిషం లోపే కరిగిపోతాయి.

నోటి దుర్వాసనకు వాడే లిస్టరిన్ ఫిల్మ్‌లు 2001లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. వాంతులను అరికట్టే ఆండాన్‌సెట్రాన్ ఫిల్మ్‌కు అక్కడి ఎఫ్‌డీఏ 2010లో అనుమతినిచ్చింది. వృద్ధులకు, మింగలేని రోగులకు, ప్రయాణాలలో ఉన్నవారికి ఈ విధానం సౌకర్యంగా ఉంటుంది.

చిక్కు ఎక్కడ?

ఆండాన్‌సెట్రాన్ మోతాదు 4 లేదా 8 మిల్లీగ్రాములే కనుక పొరలో సులువుగా ఇమిడింది. మూలికల సంగతి వేరు. చూర్ణాలను సాధారణంగా గ్రాములలో వాడతారు. ఉదాహరణకు 3 గ్రాముల చూర్ణాన్ని పదో వంతు సారంగా కుదించినా 300 మిల్లీగ్రాములవుతుంది. ఒక్కో ఫిల్మ్‌లో 30 మిల్లీగ్రాములు పట్టిందనుకుంటే, ఆ మోతాదుకు పది ఫిల్మ్‌లు కావాలి. నేలవేము వంటి మూలికలకు చేదును కప్పిపుచ్చడం మరో సమస్య.

మందు నోటి నుంచే నేరుగా రక్తంలో కలుస్తుందన్న ప్రచారమూ అన్నింటికీ వర్తించదు. ఫిల్మ్ త్వరగా కరిగితే అందులోని మందులో ఎక్కువ భాగం లాలాజలంతో కడుపులోకి పోతుంది. అక్కడి నుంచి మాత్ర వెళ్లే దారిలోనే వెళుతుంది. అందుచేత ప్రస్తుతానికి ఈ ఫిల్మ్‌లు నోరు, గొంతు బాధలకు, అతి తక్కువ మోతాదులో పనిచేసే సారాలకు ఎక్కువ అనువైనవి. పెద్ద జబ్బులకు వాడుతున్న మందులను మాని వీటిని నమ్ముకోవడం ప్రమాదకరం.

కొనే ముందు..

పొట్లంపై మూలిక పేరు మాత్రమే కాక, ఒక్కో ఫిల్మ్‌లో సారం ఎన్ని మిల్లీగ్రాములో చూడాలి. ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్సు నంబరు, ఆహార ఉత్పత్తి అయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. అతిమధురాన్ని ఎక్కువగా వాడితే రక్తపోటు పెరిగే అవకాశం ఉన్నందున బీపీ రోగులు వైద్యుని సలహా తీసుకోవాలి. తియ్యగా ఉంటాయి కాబట్టి పిల్లలు మిఠాయి అనుకొని తినకుండా వీటిని అందనంత ఎత్తులో ఉంచాలి.