బ్యుప్రోపియాన్ అను ఔషధము

గత సంవత్సరము పరీక్షల దినములలో పై తరగతి విద్యార్థి యొకడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా నాన్నగారు చుట్ట మానుటకై డాక్టరుగారు వ్రాసియిచ్చిన బిళ్లలు మ్రింగుచున్నారు. అవి దిగులునకు గూడ పనిచేయునట. నాకును దిగులుగానే యున్నది. ఒకటి వేసికొనవచ్చునా?" యని యడిగెను. వలదంటిమి. ఎందులకు వలదో నాడు తీరికగా చెప్పలేకపోయితిమి గావున నిచ్చట వ్రాయుచున్నాము.

ఆ మందు పేరు బ్యుప్రోపియాన్. దీనిని 1969లో అమెరికాలో బరోస్ వెల్కమ్ కంపెనీయందు నరిమన్ మెహతా యను రసాయనశాస్త్రజ్ఞుడు తయారుచేసెను. మనోవ్యాకులమునకు వాడు మందులలో పెక్కు సెరొటోనిన్ అను పదార్థముపై పనిచేయును. ఇది యట్లు గాక, మెదడునందలి కణములు వెలువరించిన డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అను వానిని ఆ కణములు తిరిగి లోనికి తీసికొనకుండ కొంతవఱకు అడ్డుకొనును. అందుచే దీనివలన మత్తుగాని, శరీరము లావెక్కుటగాని తక్కువ. నోరెండుట, నిద్రపట్టకపోవుట మాత్రము తఱచు. పొగాకు మానగోరువారికి 1997 నుండి అమెరికాలో దీని నిచ్చుచున్నారు. మానదలచిన దినమునకు ఒక వారము ముందుగనే మొదలిడుదురు.

ఇక భయపడవలసిన సంగతి. 1985లో అమెరికా ప్రభుత్వము దీని కనుమతి నొసగెను. మఱుసటి యేడే కంపెనీవారు అంగళ్లనుండి వెనుకకు తీసికొనిరి. అతిగా తిని బలవంతముగా వాంతి చేసికొను వ్యాధి గలవారికి ఇచ్చి చూడగా, కొందఱికి ఫిట్సు వచ్చినవి. దినమునకు 450 మిల్లీగ్రాములు మించరాదను నియమముతో 1989లో తిరిగి వచ్చినది. 300 మిల్లీగ్రాముల వఱకు వేయిమందిలో సుమారు ఒకరికి, 450 చేరునప్పటికి సుమారు నలుగురికి ఫిట్సు రావచ్చునని లెక్క. మోతాదు ఒకటిన్నర రెట్లైనంతనే యపాయము నాలుగు రెట్లగుటను గణితము చదువు మా బాలురు గమనింతురు గాక!

కావుననే మూర్ఛరోగులకును, ఆహారము మాని చిక్కిపోవు వ్యాధి గలవారికిని, త్రాగుడు హఠాత్తుగా మానినవారికిని దీని నీయరు. మెల్లగా కరుగునట్లు చేసిన బిళ్లను నమిలినచో, గంటలకొలది దిగవలసిన మందు ఒక్కపెట్టున రక్తములో జేరును. ఇరువదినాలుగేండ్ల లోపువారి విషయమున మఱియొక హెచ్చరిక గలదు. ఇట్టి మందులు మొదలిడిన తొలి వారములలోను, మోతాదు మార్చినపుడును, కొందఱికి ప్రాణము తీసికొనవలెనను తలంపులు హెచ్చవచ్చును. ఇంటివారు కనిపెట్టియుండి, అట్టిది తోచిన తక్షణమే వైద్యునితో చెప్పవలెను.

ఆ బాలుని తండ్రిగారితో మాటలాడితిమి. ఆయన కుమారుని పట్టణములోని మానసిక వైద్యుని యొద్దకు గొనిపోయెను. ఆ వైద్యుడు బిళ్లలేవియు వ్రాయక, వారమున కొకమారు వచ్చి మాటలాడిపొమ్మనెను.